బిస్కెట్ల డబ్బాలో ముప్పై లైసెన్సులు

ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు బాగుచేసిన మనిషిని. అయినా కీబోర్డు మీద నాకు ఒక్క వేలితో కొట్టడమే వచ్చు. కుడిచేతి చూపుడువేలు. మిగతా తొమ్మిదీ పనిలో చేరిన రోజు నుంచీ సెలవులోనే ఉన్నాయి. నిరుడు ఆ ఒక్క వేలూ కీళ్ళవాతంతో రిటైరైంది. దాంతోపాటు నేనూ రిటైరయ్యాను. అరకులో షాపు మూసేసి ఇంటికొచ్చిన రోజున మా ఆవిడ అడిగింది.

"ఇంక ఇంట్లో కూకుని ఏటి సేత్తారు?"

"నా అనుభవాలు రాస్తాను" అన్నాను.

"ఏ ఏలితో?" అంది.

అందుకని ఇది పెన్నుతో రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం. నా చదువు ఎనిమిదో తరగతి సగం వరకే. "నువ్వు బడి మానేస్తే ఇద్దరం బాగుపడతాం" అని మా లెక్కల మేష్టారు ముందే చెప్పారు. మానేశాను. ఆ ఏడే ఆయనకి ఉత్తమ ఉపాధ్యాయుడిగా సన్మానం జరిగింది. కాబట్టి ఇందులో పెద్ద చదువు ఉండదు. ఏ బోర్డుకి ఏ మెమరీ వేయాలో మీకు ఫోన్లోనే దొరుకుతుంది. అది చెప్పడానికి నేనక్కర్లేదు. ఫోన్లో దొరకని సంగతి ఒకటుంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండుతుందో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా గురువుగారి విద్య

శృంగవరపుకోట నుంచి విశాఖపట్నం పోయి, ఒక రిపేరు షాపులో చేరాను. మొదట రేడియోలు, తరవాత టీవీలు, ఆ తరవాత కంప్యూటర్లు. షాపు యజమానిని అందరం గురువుగారు అనేవాళ్ళం. పని నేర్పాడు, అది కాదనను. టంకం వేయడంలో ఆయన చేతిని మించిన చేయి నేను చూడలేదు. ఆ చేత్తోనే దొంగతనం కూడా నేర్పాడు.

ఆయన దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు ఒకటే ఉండేది. నకలుది. దాని మీద స్కెచ్‌పెన్నుతో పాతికక్షరాల కీ రాసి ఉండేది. షాపులోంచి బయటికి పోయే ప్రతి మిషనులోకీ ఆ డిస్కే, ఆ కీయే. బిల్లులో మాత్రం "ఒరిజినల్". చేరిన కొత్తలో ఉండబట్టలేక అడిగాను.

"ఇది ఒరిజినల్ కాదు కదండీ?"

"నువ్వు ఒరిజినలేటి? మీ నాన్నకి నకలువి కాదేటి?" అన్నాడు. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వించిన వాడి తప్పు కనబడదు. నేను జన్మంతా నవ్విస్తూ బతికినవాణ్ణి, ఆ కిటుకు నాకు బాగా తెలుసు.

ఒకసారి ఏజెన్సీ కొండల్లో ఒక గిరిజన హాస్టలుకి పది కంప్యూటర్లు పంపాల్సి వచ్చింది. కంపెనీ నుంచి సీల్డుగా వచ్చినవి. ప్రతిదాని పక్కనా లైసెన్సు స్టిక్కరు ఉంది. గురువుగారు హెయిర్ డ్రయ్యరు నా చేతికిచ్చి, వేడిగాలి ఊది ఆ పదీ మెల్లగా ఊడదీయమన్నాడు. వాటిని పట్నంలో వేరే వాళ్ళకి అమ్మే మిషన్లకి అంటించాడు. "కొండల మీదకి పోయే మిషన్లు ఇవి. ఆళ్ళకేటి తెలుస్తాది?" అన్నాడు.

ఊడదీసింది నా చేతులే. ఒక్క స్టిక్కరు కూడా చిరగలేదు. మెచ్చుకున్నాడు కూడా. ఆ హాస్టలు పిల్లలకి ఆ మిషన్లు చెడిపోతే మళ్ళీ సిస్టమ్ ఎక్కించుకునే ఆధారం నా చేత్తోనే ఊడదీశానని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా ఊడదీసేవాణ్ణే. ఇప్పుడు మంచివాడిలా రాయడం తేలిక.

ఇక్కడ ఒక్క విషయం నేర్చుకోండి. లైసెన్సులు రెండు రకాలు. కంపెనీ మిషనుతో పాటు వచ్చేది ఆ బోర్డుతో పుట్టి ఆ బోర్డుతోనే పోతుంది. విడిగా డబ్బాలో కొనుక్కున్నది అలా కాదు, అది కొన్న మనిషిది. ఒకసారికి ఒక్క మిషను మీదే నడవాలి. కానీ పాత మిషను పోతే, కొత్తగా కట్టించుకున్న మిషను మీదకి తీసుకుపోవచ్చు. ఆ హక్కు దాంట్లో ఉంది. ఆ సంగతి కొన్నవాడికి ఏ షాపువాడూ చెప్పడు. చెప్తే రెండోసారి అమ్మలేడు గనక.

నా విద్య

అరకులో సొంత షాపు పెట్టుకున్నప్పుడు ఒట్టేసుకున్నాను, నకలు అమ్మనని. అమ్మలేదు కూడా. ఒరిజినల్ డబ్బాలు తెప్పించి, కావాలన్న వాళ్ళకి వాళ్ళ కళ్ళముందే విప్పి ఎక్కించేవాణ్ణి. కాఫీ రైతుల సంఘాలు, ఫారాలు నింపే సెంటర్లు, ఫొటోస్టూడియోలు, అందరూ నా దగ్గరికే. గురువుగారిని తలచుకుని ఛీ అనుకునేవాణ్ణి. ఛాతీ రెండంగుళాలు పొంగేది.

అయితే నాకొక అలవాటు ఉండేది. సిస్టమ్ ఎక్కించేటప్పుడు మెయిల్ ఐడీ అడుగుతుంది. లైసెన్సు ఆ ఐడీకే అతుక్కుంటుంది. కొండల నుంచి వచ్చినవాళ్ళకి ఐడీ ఎక్కడుంటుందిలే అనుకుని షాపు ఐడీ కొట్టేసేవాణ్ణి. అందరికీ అదే. ఇక కీ ఉన్న కార్డు. ఇళ్ళలో వాన కురుస్తుంది, ఎలకలు కొరుకుతాయి, ఇస్తే పోగొట్టుకుంటారని నా దగ్గరే ఉంచేసేవాణ్ణి. బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీగా ఉంటే అందులో వేసేవాణ్ణి. ఏ కార్డు ఎవరిదో రాయలేదు. షాపులో నేనొక్కణ్ణే, నాకు గుర్తుండదా అనుకున్నాను.

గురువుగారు "ఆళ్ళకేటి తెలుస్తాది" అనేవాడు. నేను "పాపం, వాళ్ళకేం తెలుస్తుంది" అనేవాణ్ణి. ఆ "పాపం" ఒక్కటే నా సొంతం. మిగతాదంతా ఆయన డిస్కులోదే.

పిడుగు

వానలు మొదలైన కొత్తలో ఒక బుధవారం మధ్యాహ్నం సుమిత్ర వచ్చింది. పెదబయలు దగ్గర ఊరు ఆమెది. ఇంటర్ చదివింది. మండల కేంద్రంలో చిన్న గదిలో సెంటరు నడుపుతుంది. కుల ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్పులు, పింఛన్ల దరఖాస్తులు, ఏ ఫారమైనా ఆమె చేతి మీదుగానే పోవాలి. నాలుగేళ్ళ కిందట నా దగ్గరే కంప్యూటరు కట్టించుకుంది. కాఫీ పంట డబ్బులు పట్టుకొచ్చి, "సిస్టమ్ ఒరిజినల్‌దే ఎయ్యండి సారు, నాకు దొంగది వొద్దు" అని మరీ కొన్న మనిషి.

ఆ రోజు గొంగళిలో చుట్టిన మూటను ఒళ్ళో పెట్టుకుని జీపులో పాడేరు, అక్కడి నుంచి బస్సులో అరకు వచ్చింది. మూట విప్పితే కంప్యూటరు.

"జీపోడు దీనికీ టిక్కెట్టు అడిగీసేడు సారు. సంటిపిల్లకి టిక్కెట్టేటిరా అన్నాను" అంది.

మూత తీయగానే కాలిన వాసన. ఇంటర్నెట్ వైరు తగిలించే చోట బోర్డు మసిబారిపోయి ఉంది. పిడుగు.

"మెయిను కట్టీసేను, ప్లగ్గు పీకీసేను. మరెలాగొచ్చింది?"

"నెట్టు వైరు పీకేవా?"

"అదీ పీకాలేటి?"

ఎవరూ చెప్పలేదు ఆమెకి. అమ్మినవాణ్ణి నేనే, నేనే చెప్పలేదు. బోర్డు, ప్రాసెసరు, మెమరీ అన్నీ పోయాయి. హార్డ్‌డిస్కు ఒక్కటి బతికింది. అన్నీ కొత్తవి తెప్పించి కట్టాలన్నాను.

"బేగి సెయ్యాలి సారు. శుక్రవారం పాడేరు నుంచి తనికీకి వస్తన్నారు."

తనిఖీకి వచ్చేవాళ్ళు మొదట చూసేది మిషనులో సిస్టమ్ ఒరిజినలా కాదా అని. అంతకుముందు రెండు సెంటర్లలో నకలు దొరికితే, సెంటరు నడపడానికి ఇచ్చిన నంబర్లు రద్దు చేసేశారు. సుమిత్ర నంబరు పోతే దాన్ని తీసుకోవడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆమె గదికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన.

"ఆయన అప్పుడే కంప్యూటరు బల్ల కూడా సేయించీసేడు సారు. రోజూ దానికి పాలిషెడతన్నాడు, నాకు కనపడేలాగ" అంది.

నవ్వుతూనే చెప్పింది. మూట విప్పిన గొంగళిని మాత్రం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

నా పేరుతో

విశాఖ నుంచి సామాన్లు మర్నాడు పొద్దున్న బస్సులో దిగాయి. సుమిత్ర ఆ రాత్రి అరకులో చుట్టాలింట్లో ఉండి, తెల్లారగానే షాపుకొచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికల్లా మిషను కట్టేశాను. కొత్త బోర్డు, పాత డిస్కు. మీట నొక్కగానే ఫైళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. సుమిత్ర మొహం విచ్చుకుంది. అంతలో తెర మూల కింద బూడిదరంగు అక్షరాలు పడ్డాయి, సిస్టమ్‌ని యాక్టివేట్ చేసుకోమని. కొత్త బోర్డు చూసి, అది తనకి తెలిసిన మిషను కాదనుకుంది.

"ఇది మామూలే" అన్నాను. నిజంగా మామూలే. విడిభాగాలు మార్చామని చెప్పి, మెయిల్ ఐడీతో లోపలికి వెళ్తే, ఆ ఐడీ మీదున్న మిషన్ల జాబితా వస్తుంది. అందులో మన పాత మిషను చూపిస్తే లైసెన్సు కొత్తదాని మీదకి వచ్చేస్తుంది. నా వేలితో ఐడీ కొట్టాను. జాబితా వచ్చింది. అరకు-1, అరకు-2, అరకు-3... దించుతూ పోతే దిగుతూనే ఉంది. అన్నిటికీ ఆ పేర్లు పెట్టిన మేధావిని నేనే.

"నా పేరుతో ఎతకండి సారు."

"నీ పేరుతో లేదమ్మా."

"మరెవరి పేరుతో ఉన్నాది?"

"నా పేరుతో."

"నాను కొన్నాను గదా?"

"కొన్నావు. అప్పుడు నీకు మెయిల్ ఐడీ లేదు కదా తల్లీ, అందుకని..."

"నాను ఊరోళ్ళందరికీ మెయిల్ ఐడీలు సేసిచ్చే సెంటరు ఎట్టడానికే కదా సారు, ఆ కంప్యూటరు కొన్నాను?"

నా నోట్లో ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు అది కూడా సెలవు పెట్టింది.

జాబితాలో ఒకటొకటిగా నొక్కి చూశాను. నాలుగైదు అయ్యాక సిస్టమ్ ఇక ఇవాల్టికి చాలు, మళ్ళీ ఎప్పుడైనా ప్రయత్నించమంది. ఇక మిగిలింది కార్డు. బిస్కెట్ల డబ్బా దింపి బల్ల మీద బోర్లించాను. ముప్పై కార్డులు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, ఒక్కదాని మీదా పేరు లేదు. సుమిత్ర వాటికేసి చూసింది, నాకేసి చూసింది.

"ఇయ్యన్నీ మావోళ్ళవేనా?"

"మీవాళ్ళవే."

సుమిత్ర ఫోను తీసి వాళ్ళాయనకి చేసింది. కంప్యూటరు కొన్న రోజున, నేను కార్డు డబ్బాలో వేయబోతుంటే ఒకసారి ఇమ్మని అడిగి, ఆ పాతికక్షరాలూ సెంటరు రిజిస్టరులో రాసుకుందట. మొదటి పేజీలో, ఆస్తుల జాబితాలో. బల్ల ఒకటి, కుర్చీలు రెండు, గోడ గడియారం ఒకటి, ఆ కింద సిస్టమ్ కీ. నాకది గుర్తే లేదు.

పెదబయల్లో ఆ రోజు సిగ్నలు సరిగ్గా లేదు. వాళ్ళాయన రిజిస్టరు చొక్కాలో దోపుకుని నీళ్ళ ట్యాంకు గట్టెక్కి మాట్లాడాడు. స్పీకరులో వాన చప్పుడు, దాని వెనక ఆయన గొంతు.

"జె... జీలుగు జె."

"ఊఁ."

"కె. కాఫీ కె."

"కాఫీకి సి కదయ్యా?" అన్నాను.

"మా తోటలో కెయే సారు. బేగి రాసుకోండి, రిజిస్టరు తడిసిపోతంది!"

పది అక్షరాలు కాకముందే సుమిత్ర ముప్పై కార్డుల్లోంచి తనదాన్ని లాగేసింది. మిగతా పదిహేనూ కార్డులో చూస్తూ ఆయన నోట సరిచూసింది. అంతా కలిసింది. కార్డు నా చేతికి ఇవ్వబోతూ, ఎందుకో వెనక్కి తిప్పింది.

"సారు, ఎనకాల పెన్సిలుతో ఏదో రాసున్నాది. 'లాడ్జి, రెండ్రోజులు'. లాడ్జేటి?"

రెండ్రోజులు

ఆ అక్షరాలు నావే. గుర్తుకు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

రెండేళ్ళ కిందట, చలికాలం, సందర్శకులు విరగబడే రోజులు. రైలుస్టేషను దారిలో ఉన్న ఒక లాడ్జిలో రిసెప్షను కంప్యూటరు పాడైంది. కొత్తది కట్టి ఇవ్వాలి, వెంటనే. నా దగ్గర డబ్బాలు అయిపోయాయి. బిస్కెట్ల డబ్బాలో చేయి పెట్టి పైనున్న కార్డు తీసి ఆ కీ కొట్టేశాను. కొత్త స్టాకు రాగానే మార్చేద్దామనుకుని, మర్చిపోకుండా కార్డు వెనక రాసుకున్నాను. ఆ రెండు రోజులు రెండేళ్ళు నడిచాయి. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. నిజంగానే అప్పుడు రెండు మిషన్లూ నోరుమూసుకుని పనిచేశాయి. ఇప్పుడు మూడో బోర్డు మీద కొట్టి చూస్తే కీ మొండికేసింది. వేరే మిషను మీద వాడకంలో ఉందని ఎర్రగా చూపించింది.

సుమిత్రకి చెప్పాను. ఇంకేం చెప్తాను, కార్డు ఆమె చేతిలో ఉంది.

ఇంకొక దారి ఉంది. కంపెనీ నంబరుకి ఫోను చేస్తే రికార్డు గొంతు మాట్లాడుతుంది. తెర మీద వచ్చిన అంకెలు మనం నొక్కాలి, అది తిరిగి కొన్ని అంకెలు చెప్తుంది. వాటిని కొడితే పనైపోతుంది. కాకపోతే మధ్యలో ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ కీ ఎన్ని మిషన్ల మీద ఉంది అని. ఫోను చేశాను. ప్రశ్న వచ్చింది. వేలు ఒకటి మీదకి పోయింది.

"ఎంత నొక్కుతన్నారు సారు?"

"ఒకటి."

"రెండు గదా?"

"రెండంటే ఇవ్వరమ్మా. ఒకటంటే క్షణంలో అయిపోతుంది. సాయంత్రం బస్సు అందుతుంది నీకు."

"రేపు తనికీకొచ్చినోడు, ఏమ్మా ఇది నీ ఒక్కదానిదేనా అంటే నానేటి సెప్పాలి? మీ అబద్దం నానొప్పసెప్పాలా?"

నేను ఫోను పెట్టలేదు, నొక్కనూ లేదు. గొంతు అదే ప్రశ్న రెండోసారి అడిగింది. మూడోసారి అడిగి అదే పెట్టేసింది.

లాడ్జిలో

వానలో ఇద్దరం లాడ్జికి నడిచాం. రిసెప్షను దగ్గర సామాన్లతో ఒక కుటుంబం నిలబడి ఉంది. మేనేజరు నాకు తెలిసినవాడే, మా శృంగవరపుకోట వైపు మనిషి.

"ఈ కంప్యూటరులో ఉన్న కీ తీసేయాలి" అన్నాను.

"ఇప్పుడేటన్నా, జనాలున్నారు. సోమవారం రా."

"ఇప్పుడే కావాలి. అది వేరే వాళ్ళది. పెదబయల్లో సెంటరు ఉన్నావిడది."

"ఎవరో కొండ గుంట కోసం నా కౌంటరు ఆపేత్తావేటి?"

"ఆ గుంటని నానే సారు" అంది వెనక నుంచి సుమిత్ర. గొడుగు లేదు, కొంగు పిండుకుంటూ నిలబడింది.

నాకు కోపం నషాళానికంటింది. ఏమనుకుంటున్నావు, ఆమె సొమ్ము మీద రెండేళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నావు, సిగ్గుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. గదులు తీసుకోవడానికి వచ్చిన కుటుంబం తాళాల సంగతి మర్చిపోయి మమ్మల్నే చూస్తోంది. మేనేజరు సొరుగు లాగి, ఒక ఫైలు తీసి, అందులోంచి కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. రెండేళ్ళనాటి నా బిల్లు. "ఆపరేటింగ్ సిస్టమ్, ఒరిజినల్, ఒకటి." కింద నా సంతకం.

"నాను కొనుక్కున్నానన్నా. దొంగని నన్నంటావేటి?" అన్నాడు.

గురువుగారు నకలు అమ్మాడు. నేను ఒరిజినల్‌నే ఇద్దరికి అమ్మాను. ఆయన కంటే ఒక మెట్టు పైనే ఉన్నాను, మెట్టు ఎటువైపుదో మీరే చూసుకోండి. స్టాకు వచ్చాక లాడ్జికి పెట్టాల్సిన కొత్త డబ్బాని వేరేవాళ్ళకి అమ్మేసి ఉంటాను. పెన్సిలు రాత బిస్కెట్ల డబ్బాలో పడి నిద్రపోయింది.

మేనేజరుకి వారంలో కొత్తది తెచ్చి పెడతానని అక్కడే కాగితం మీద రాసిచ్చాను. తరవాత కీ తీసే ఆదేశం కొట్టడానికి కూర్చున్నాను. ఒక్క వరస. ఒక్క వేలితో దానికి ఎంతసేపు పట్టిందో ఆ కుటుంబంలో పెద్దాయనకి తెలుసు, మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. తెర మూల బూడిదరంగు అక్షరాలు వచ్చాయి. ఇన్నేళ్ళలో ఆ అక్షరాలు చూసి ఊపిరి పీల్చుకోవడం అదొక్కసారే.

షాపుకొచ్చి మళ్ళీ ఫోను చేశాం. ప్రశ్న రాగానే ఒకటి నొక్కాను. ఈసారి అది నిజం. గొంతు అంకెలు చెప్పింది, సుమిత్ర అట్టముక్క మీద రాసుకుంది, తరవాత నన్ను లేవమని తనే కూర్చుని పది వేళ్ళతో కొట్టేసింది. యాక్టివేట్ అయింది. వెంటనే అక్కడే తన సొంత ఐడీ పెట్టి లైసెన్సు దానికి కట్టుకుంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నాకేసి చూసింది. నేను గోడకేసి తిరిగాను.

కార్డు జాకెట్టులో, మిషను గొంగళిలో. పాడేరు పోయే ఆఖరి బస్సు కదులుతుంటే ఎక్కింది. శుక్రవారం సాయంత్రం వాళ్ళాయన ఫోను చేశాడు, ట్యాంకు గట్టు మీంచే. తనిఖీ వాళ్ళు ఆ తెర చూసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయారట. కిరాణా కొట్టాయన పాలిషు బల్ల మీద ఇప్పుడు సబ్బులు పేర్చుకుంటున్నాడట.

మీకు చెప్పేది

మైదానం నుంచి కొండెక్కి షాపు పెట్టబోయే పిల్లలకి చెప్తున్నాను, కోపంగానే చెప్తున్నాను. ఒరిజినల్ అని రాసి నకలు ఇవ్వడం దొంగతనం. దానికి సర్దుబాటనీ, మార్కెట్టనీ ముద్దుపేర్లు పెట్టొద్దు. కొన్నవాడి లైసెన్సు కొన్నవాడి పేరునే ఉండాలి. ఐడీ లేకపోతే కూర్చోబెట్టి చేయించండి, అరగంట పని. ఆ అరగంట బద్ధకించే, నేను ముప్పైమంది ఆస్తి నా పేరున పెట్టుకుని దానికి దయ అని పేరు పెట్టాను. కార్డు వాళ్ళ చేతిలో పెట్టండి. ఎలకలు కొరికితే కొరకనివ్వండి. ఎలక కొరికిన కార్డుని ఇంకొకడికి అమ్మదు.

కంపెనీల మీదా నాకు కోపం ఉంది. లైసెన్సు షరతులు చాంతాడంత రాసి, కొన్నవాడు మిషను మార్చుకోవచ్చన్న ఒక్క ముక్కని ఎక్కడో అడుగున పెడతారు. కానీ వాళ్ళ మీద కోపం నాకు తేలిగ్గా వస్తుంది. అందుకే దాన్ని నేను ఎక్కువ నమ్మను.

ఆ తరవాత ఆరు నెలలు నా పని డబ్బా ఖాళీ చేయడమే. సంతకొచ్చిన వాళ్ళని ఆపి, ఫోన్లు చేసి, బిల్లుపుస్తకాలు తిరగేసి, ఎవరివి వాళ్ళకి ఇచ్చాను. మిషను ఉన్నవాళ్ళకి వాళ్ళ ఐడీ మీదకి మార్చాను. ఇంకా రెండు చోట్ల ఒకే కీ దొరికింది. రెండూ మార్చి పెట్టాను. నాలుగు కార్డులు మాత్రం ఎవరివో తెలియలేదు. మొహాలు గుర్తున్నాయి, చింతపల్లి వైపు వాళ్ళు ఇద్దరు. పేర్లు రాసుకోలేదు. ఆ నాలుగూ ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. ఇది చదివి ఎవరైనా వస్తే తలుపు తీసే ఉంటుంది.

షాపు మూసేసే ముందు నెలలో సుమిత్ర మిరియాలు అమ్ముకోవడానికి సంతకి వచ్చి, షాపు దగ్గర ఆగింది. టీ తెప్పించాను. డబ్బా తెరిచి చూపించాను, కార్డులు నాలుగే మిగిలాయని. గొప్పగానే చెప్పుకున్నాను. లాడ్జిలో తిట్టిన తిట్లు, తిరిగిన ఊళ్ళు, మార్చిన పేర్లు.

"ఇన్నేళ్ళు మీవాళ్ళ వస్తువులు నా పేరున ఉన్నా, ఒక్కటి కూడా పోనివ్వలేదు చూడు. ఇంకొకడైతే అమ్ముకు తినేవాడు" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టింది. అంతవరకూ నన్ను సారు అనే పిలిచిన మనిషి, మైదానం వ్యాపారిని కొండల్లో పిలిచే పిలుపుతో మొదటిసారి పిలిచింది.

"సావుకారూ, మీ షాపు స్థలం ఎవరి పేరున ఉన్నాది?"

ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళు స్థలం కొనకూడదు. అందుకని నేను డబ్బు పెట్టి కొన్న షాపు స్థలం కాగితాల్లో సుమిత్ర మేనమామ పేరున ఉండేది. ఆ సంగతి ఆమెకి తెలుసని నాకు తెలియదు.

"మీ మావయ్య పేరున" అన్నాను.

"ఇన్నేళ్ళలో ఆయన ఒక్కనాడైనా వొచ్చి మీ షట్టరుకి తన తాళం ఏసేడా?"